డైమండ్ హెడ్ ఎందుకు పెద్ద బ్యాండ్ కాలేకపోయింది?

మీరు అడిగింది ఇదీ: అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా వాయించే ‘ఆమ్ ఐ ఈవిల్?’ వాళ్ళ సొంత పాట కాదని, డైమండ్ హెడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌దని ఇన్నాళ్ళకి తెలిసింది. ఇలాంటి పాటలు రాసినవాళ్ళు ఐరన్ మెయిడెన్ అంత ఎందుకు ఎదగలేదు? అదృష్టం లేకనా, మెటాలికా వాళ్ళ పాటలు కొట్టేయడం వల్లా?

రెండూ కాదంటాను. మెటాలికా కొట్టేసిందేమీ లేదు. రాసినవాళ్ళ పేరు వేసి, ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చి వాయించారు. ఆ డబ్బే రాకపోయుంటే ఈ రోజు డైమండ్ హెడ్ పేరుతో ఒక బ్యాండ్ మిగిలేది కాదేమో. ఇక దురదృష్టమంటారా, అదీ ఎదురైంది గానీ అప్పటికే పని చాలావరకు చెయ్యి దాటిపోయింది. అసలు దెబ్బ 1980లో తగిలింది, 1981లో ముదిరింది. ఆ రెండేళ్ళలో వాళ్ళు ఏం చేశారు, పక్కవాళ్ళు ఏం చేశారు అని తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. నేను గిటార్ నేర్పుతాను, ఆ కాలం రికార్డులు పోగేయడం నా పిచ్చి. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

బ్యాండ్ పుట్టింది 1976లో, బర్మింగ్‌హామ్‌కి పడమర ఉన్న స్టౌర్‌బ్రిడ్జ్‌లో. గాజు సామానుకి పేరున్న ఊరు. బ్లాక్ సబ్బాత్, జూడాస్ ప్రీస్ట్ పుట్టిన ప్రాంతం ఆ పక్కనే. బ్రయన్ టాట్లర్ గిటార్, డంకన్ స్కాట్ డ్రమ్స్. ఇద్దరూ ఒకే బడి. పాడేవాడు సీన్ హారిస్, బేస్ కాలిన్ కింబర్లీ. పేరు రాక్సీ మ్యూజిక్ గిటారిస్ట్ ఫిల్ మాంజనేరా 1975లో తెచ్చిన సోలో ఆల్బమ్ నుంచి తీసుకున్నారు. టాట్లర్ పడగ్గదిలో కూర్చుని అతనూ హారిసూ పాటలు కట్టేవాళ్ళు. టాట్లర్ రిఫ్‌లు (పాటని నడిపించే చిన్న గిటార్ వరసలు) వాయిస్తుంటే హారిస్ బాణీలు, మాటలు. ఈ ఇద్దరి జోడీని గుర్తుపెట్టుకోండి, తర్వాత డబ్బు లెక్కల్లో అవసరమవుతుంది.

1979లో ‘సౌండ్స్’ అనే వారపత్రిక ఇంగ్లండ్‌లో కొత్తగా పుట్టుకొస్తున్న మెటల్ బ్యాండ్‌లన్నిటికీ కలిపి ‘న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్’ అని ఓ పేరు తగిలించింది. జెఫ్ బార్టన్ అనే విలేఖరి దాన్ని నెత్తికెత్తుకున్నాడు. పంక్ వేడి తగ్గింది, పాత హార్డ్ రాక్ బ్యాండ్‌లు బద్ధకించాయి, కుర్రాళ్ళకి గట్టిగా వేగంగా ఏదైనా కావాలి. రికార్డ్ కంపెనీలు ఒక్కసారిగా లేచి చెక్కు పుస్తకాలు పట్టుకుని పరుగెత్తాయి. డెఫ్ లెపర్డ్‌ని 1979లోనే ఫోనోగ్రామ్ తీసుకుంది. ఐరన్ మెయిడెన్ అదే ఏడాది చివర్లో ఈఎంఐతో సంతకం పెట్టింది. 1980 మార్చిలో డెఫ్ లెపర్డ్ మొదటి ఆల్బమ్ బ్రిటిష్ చార్టులో 15వ స్థానం. ఏప్రిల్‌లో మెయిడెన్ మొదటి ఆల్బమ్ 4వ స్థానం. అదే నెలలో శాక్సన్ ‘వీల్స్ ఆఫ్ స్టీల్’ 5వ స్థానం. అందరూ ఓ ఆరు వారాల్లో బయటికొచ్చారు.

మరి డైమండ్ హెడ్? 1980 జనవరిలో ఏసీ/డీసీకి ఓపెనింగ్ (పెద్ద బ్యాండ్‌కి ముందు) వాయించారు. ఆ బ్యాండ్ గాయకుడు బాన్ స్కాట్ ఇంకా బతికే ఉన్నాడు, మరుసటి నెలలోనే పోయాడు. మెయిడెన్‌కి కూడా ఓపెనింగ్ చేశారు. పత్రికల్లో మెచ్చుకోళ్ళు బాగా వచ్చాయి. బ్యాండ్‌ని చూసి మరో లెడ్ జెప్లిన్ అన్నారు, హారిస్‌ని చూసి ఆ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ మళ్ళీ వచ్చాడన్నారు. అన్నీ ఉన్నాయి, కంపెనీ లేదు.

కారణం? చాలామంది మేనేజ్‌మెంట్ వైపు వేలు చూపిస్తారు. బ్యాండ్ వ్యవహారాలు చూసింది హారిస్ తల్లి లిండా, ఆవిడతో పాటు రెజ్ ఫెలోస్. ఇద్దరికీ సంగీత వ్యాపారం కొత్త. పిల్లల మీద ప్రేమ ఉంది, డబ్బు పెట్టడానికి వెనకాడలేదు, కానీ లండన్‌లో ఏ తలుపు ఎప్పుడు తట్టాలో తెలిసినవాళ్ళు కారు. నేను వాళ్ళని పూర్తిగా తప్పుపట్టను. తల్లి మేనేజర్‌గా ఉన్న బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ ‘వేరే మేనేజర్‌ని చూద్దాం’ అని నోరు తెరిచి అనగలరా చెప్పండి. అదే సమయంలో మెయిడెన్‌కి రాడ్ స్మాల్‌వుడ్ అనే మేనేజర్ దొరికాడు. ఆ ఒక్క తేడా విలువెంతో తర్వాతి నలభై ఏళ్ళు చూపించాయి.

ఏ కంపెనీ రాకపోయేసరికి మేమే ఆల్బమ్ చేసుకుంటాం అనుకున్నారు. వూస్టర్ దగ్గర ‘ది ఓల్డ్ స్మిథీ’ అనే స్టూడియోలో వారం రోజుల్లో ఏడు పాటలు రికార్డ్ చేశారు. స్టూడియో యజమాని మఫ్ మర్ఫిన్ సొంత రికార్డ్ లేబుల్ ‘హ్యాపీ ఫేస్’ మీద 1980 అక్టోబర్‌లో బయటికొచ్చింది. మొదట అచ్చేసింది 1,000 కాపీలు. ఈ రికార్డ్ ఎలా ఉండేదో వింటే అప్పటి వాళ్ళ ఆలోచన తెలిసిపోతుంది. తెల్ల అట్ట. దాని మీద ఆల్బమ్ పేరు లేదు, బొమ్మ లేదు, వెనక పాటల జాబితా లేదు. నలుగురిలో ఎవరో ఒకరి సంతకం మాత్రం పెన్నుతో ఉంటుంది. ‘సౌండ్స్’లో చిన్న ప్రకటన ఇచ్చి పోస్టులో 3.50 పౌండ్లకి అమ్మారు. అభిమానులు ‘వైట్ ఆల్బమ్’ అనేవాళ్ళు. తర్వాత దానికి స్థిరపడిన ‘లైట్నింగ్ టు ది నేషన్స్’ అన్న పేరు అందులోని మొదటి పాటది.

అంటే వాళ్ళ దృష్టిలో అది ఆల్బమే కాదు, డెమో, కంపెనీలకి వినిపించే నమూనా. కంపెనీలవాళ్ళు విని సంతకం పెడితే అప్పుడు ఇవే పాటలు పెద్ద స్టూడియోలో మళ్ళీ బాగా చేద్దాం అనుకున్నారు. అట్ట మీద పైసా ఖర్చు పెట్టకపోవడానికి కారణం అదే. ఆ డెమోనే వాళ్ళ జీవితంలో చేసిన గొప్ప పని అవుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఇక్కడ కాస్త ఆగి ‘ఆమ్ ఐ ఈవిల్?’ గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు మెటాలికా వెర్షన్ మాత్రమే విని ఉంటారు. సబ్బాత్ ‘సింప్టమ్ ఆఫ్ ది యూనివర్స్’ కంటే బరువైన రిఫ్ ఒకటి కట్టాలన్న పంతంతో ఈ పాట మొదలైందని టాట్లర్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మొదలు వింటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్ళకి గుస్తావ్ హోల్స్ట్ ‘మార్స్’ వెంటనే గుర్తొస్తుంది. సైన్యం కదిలి వస్తున్నట్టు ఆ దెబ్బలు, వాటి వెంట స్కాట్ డ్రమ్స్. తర్వాత అన్నీ ఆగిపోయి గిటార్ ఒక్కటే ఒంటరిగా పరుగెత్తుతుంది. ఆ తర్వాతే అసలు రిఫ్ దిగుతుంది. తల్లిని మంత్రగత్తె అని సజీవంగా తగలబెడితే కొడుకు పగబట్టే కథ. పాట సగం దాటాక వేగం పెరిగి, ఇంకో పాటలోకి దూకినట్టు అవుతుంది. ఏడున్నర నిమిషాలు దాటిన పాటలో పల్లవి కంటే రిఫ్‌లు ఎక్కువ. పాట నిర్మాణమంటే పల్లవి–చరణం–పల్లవి అని అలవాటుపడిన కాలంలో, ఒక రిఫ్‌ని ఇంకో రిఫ్ మీదకి ఎక్కిస్తూ పాట కట్టొచ్చు అని చూపించిన పాటల్లో ఇదొకటి. తర్వాత మెటాలికా లాంటివాళ్ళ త్రాష్ మెటల్ ఈ పద్ధతి మీదే నిలబడింది.

నా దగ్గరికి వచ్చే పిల్లలకి రెండు వెర్షన్‌లూ పక్కపక్కన వినిపిస్తాను. మెటాలికా గిటారిస్ట్, గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచెయ్యి యంత్రం లాంటిది; ప్రతి దెబ్బా కిందికే, ప్రతి దెబ్బా సమానం. టాట్లర్‌ది అలా ఉండదు. కొంచెం వదులు, కొంచెం ఊపు, డెబ్బైల రాక్ వాసన ఇంకా పోలేదు. మెటాలికాది గట్టిగా తగులుతుంది, నిజమే. కానీ ఒరిజినల్‌లో హారిస్ గొంతు ఉంది. ఆ పాటలోని కొడుకు పిచ్చివాడో, బాధపడుతున్నాడో, నటిస్తున్నాడో తేల్చుకోనివ్వడు. నాకు అదే ఇష్టం. మిగతా ఆరు పాటల్లో ‘హెల్ప్‌లెస్’, ‘ది ప్రిన్స్’ వేగంగా దూసుకుపోయేవి, ‘ఇట్స్ ఎలక్ట్రిక్’ హుషారు పాట, ‘సకింగ్ మై లవ్’ తొమ్మిది నిమిషాలు దాటే జెప్లిన్ తరహా సాగతీత. ఆ చివరిది నాకు ఎక్కదు, ఎక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు.

సరే, రికార్డ్ వచ్చింది. తర్వాతేంటి? ఇక్కడే నేను ముందు చెప్పిన రెండేళ్ళు. మరో 1,000 కాపీలు అచ్చేశారు. 1981లో వుల్ఫ్ అనే లేబుల్ జర్మనీలో విడుదల చేస్తానంటే మాస్టర్ టేప్ (అసలు రికార్డింగ్ టేప్) ఇచ్చారు. అది ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. ఇటు సింగిల్స్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డులు) ఒక్కోటి ఒక్కో చిన్న లేబుల్ మీద, కొన్ని సొంత లేబుల్ డీహెచ్ఎం మీద. దుకాణాల్లో దొరకడం కష్టం. న్యూకాజిల్ వైపు చూస్తే నీట్ రికార్డ్స్ అని చిన్న కంపెనీ ఉండేది. వెనమ్, రేవెన్ లాంటివాళ్ళని ఒక పద్ధతిగా బయటికి తెచ్చి, యూరప్ దాకా పంపిణీ చేసింది. డైమండ్ హెడ్‌కి అటు ఈఎంఐ లాంటి పెద్ద అండా లేదు, ఇటు నీట్ లాంటి గట్టి చిన్న అండా లేదు. పెద్ద కంపెనీ వస్తుందని ఎదురుచూస్తూ మధ్యలో వేలాడారు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి అంటారు మనవాళ్ళు. 1980లో గాలి జోరుగా వీస్తుంటే వీళ్ళు చేట కోసం వెతుక్కున్నారు.

ఆ ఎదురుచూపుల కాలంలోనే లార్స్ ఉల్రిచ్ వచ్చాడు. ఈ కథ అందరికీ తెలిసిందే గానీ తెలియనివాళ్ళ కోసం. డెన్మార్క్‌లో పుట్టి, కుటుంబంతో కాలిఫోర్నియా వెళ్ళిన కుర్రాడు. టెన్నిస్ ఆటగాడి కొడుకు. ‘సౌండ్స్’ తెప్పించుకుని చదివేవాడు, వైట్ ఆల్బమ్‌ని పోస్టులో తెప్పించుకున్నాడు. 1981 జూలైలో, 17 ఏళ్ళ వయసులో, వాళ్ళని చూడటానికే విమానమెక్కి లండన్ వచ్చి వూలిచ్ ఓడియన్‌లో షో చూశాడు. షో అయ్యాక లోపలికి వెళ్ళి పరిచయం చేసుకున్నాడు. ఎక్కడ ఉంటున్నావంటే చెప్పడానికి ఏమీ లేదు. టాట్లర్ తన తల్లిదండ్రుల ఇంటికి రమ్మన్నాడు. వారం పాటు అతని గదిలో నేల మీద పడుకున్నాడు, తర్వాత హారిస్ ఇంట్లో ఇంకొన్ని వారాలు. వాళ్ళ రిహార్సల్స్ చూశాడు, దొరికిన సింగిల్స్ అన్నీ కొనుక్కున్నాడు. తను కూడా బ్యాండ్ పెట్టే ఆలోచనలో ఉన్నట్టు అతను ఎప్పుడూ అనలేదని టాట్లర్ తర్వాత చెప్పుకున్నాడు. అక్కడి నుంచి తిరిగెళ్ళాక ఆ శరదృతువులోనే హెట్‌ఫీల్డ్‌తో కలిసి మెటాలికా మొదలుపెట్టాడు. 1982లో వాళ్ళ తొలి ప్రదర్శనల్లో సొంత పాటలు కొద్దే, డైమండ్ హెడ్ పాటలు మాత్రం వరసగా వచ్చేవి. అవి ఎవరివో అక్కడి జనానికి తెలియదు, వీళ్ళూ పనిగట్టుకుని చెప్పలేదు. ‘కొట్టేశారు’ అన్న మాటకి ఏదైనా ఆధారం ఉందంటే అదొక్కటే. రికార్డ్ మీదకి ఎక్కేసరికి పేర్లు సరిగ్గానే పడ్డాయి.

చివరికి 1982లో ఎంసీఏ కంపెనీ డైమండ్ హెడ్‌ని తీసుకుంది. అదే ఏడాది మెయిడెన్ మూడో ఆల్బమ్ ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ నంబర్ వన్ అయింది. మొదట ‘ఫోర్ కట్స్’ ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డ్) వచ్చింది. ఆ ఆగస్టులో రెడింగ్ ఫెస్టివల్‌లో మనోవార్ అనే బ్యాండ్ రాకపోవడంతో ఆఖరి క్షణంలో వీళ్ళకి చోటు దొరికింది. పోస్టర్లలో పేరు కూడా లేదు. అయినా అదరగొట్టారు, బీబీసీ ‘ఫ్రైడే రాక్ షో’ కోసం రికార్డ్ చేసిన ఆ ప్రదర్శన తర్వాత విడుదలైంది కూడా. బ్యాండ్ వేదిక మీద ఎలా ఉండేదో తెలియాలంటే అది వినండి.

అక్టోబర్‌లో ‘బారోడ్ టైమ్’ ఆల్బమ్. అట్ట మీద రాడ్నీ మాథ్యూస్ వేసిన బొమ్మ. మైకేల్ మూర్‌కాక్ నవలల్లోని ఎల్రిక్ పాత్ర. తెల్ల అట్ట నుంచి ఇక్కడికి! చార్టులో 24వ స్థానం. వాళ్ళు ఎన్నడూ దాటని ఎత్తు అదే. కానీ పాటలు చూడండి: ‘ఆమ్ ఐ ఈవిల్?’ మళ్ళీ, ‘లైట్నింగ్ టు ది నేషన్స్’ మళ్ళీ. అనుకున్నట్టే డెమో పాటల్ని పెద్ద స్టూడియోలో మళ్ళీ చేశారు. వింటే శుభ్రంగా ఉంటుంది, ఆ కసి ఉండదు. రెండేళ్ళుగా వేదికల మీద వాయించి వాయించి ఆ పాటలతో వాళ్ళకే విసుగొచ్చిందేమో అనిపిస్తుంది. ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’ ఒక్కటి మాత్రం ఆ ఆల్బమ్‌లో కొత్తగా, గొప్పగా ఉంటుంది. నెమ్మదిగా పాకే పాట. హారిస్ గొంతుకి అలాంటివి సరిపోతాయని కంపెనీకీ అర్థమైంది, వాళ్ళకీ అర్థమైంది. తర్వాతి పొరపాటు అక్కడి నుంచే వచ్చింది.

1983లో వచ్చిన ‘కాంటర్‌బరీ’ని పొరపాటు అంటుంటే నాకే మనసొప్పదు. మంచి ఆల్బమ్. ‘ఇష్మాయేల్’లో అరబ్బీ ఛాయలు, ‘నైట్ ఆఫ్ ది స్వోర్డ్స్’లో మళ్ళీ మూర్‌కాక్, చివర ‘కాంటర్‌బరీ’లో పియానో. సీన్, బ్రయన్ ఇద్దరూ ఒకే రకం రిఫ్‌లు తిప్పితిప్పి వాయించడం ఇష్టంలేక ముందుకెళ్ళారు. కానీ ఎవరి కోసం? మెటల్ కుర్రాళ్ళు ఆ ఏడాది ఇంకా వేగం, ఇంకా గట్టిదనం అడుగుతున్నారు. రేడియో వాళ్ళకి వీళ్ళు ఇంకా మెటల్ వాళ్ళే. పైగా రికార్డింగ్ మధ్యలోనే కింబర్లీ, స్కాట్ ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. ఆగస్టులో డోనింగ్టన్ ‘మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్’లో వైట్‌స్నేక్ ప్రధాన బ్యాండ్‌గా ఉన్న రోజున మొదటి బ్యాండ్‌గా ఎక్కింది కొత్త లైనప్, డ్రమ్స్ రాబీ ఫ్రాన్స్, బేస్ మెర్విన్ గోల్డ్స్‌వర్దీ, కీబోర్డ్ కూడా చేర్చుకుని.

ఇక మీరన్న దురదృష్టం ఇదిగో, ఇప్పుడొచ్చింది. ‘కాంటర్‌బరీ’ మొదటి 20,000 కాపీలు అచ్చులో తేడా కొట్టాయి. ప్లేయర్ మీద పెడితే సూది గాడి తప్పి ఎగిరేది. మొదటి వారంలో కొనేవాళ్ళు ఎవరు? గట్టి అభిమానులు. వాళ్ళే వెనక్కి తెచ్చిచ్చారు. కొత్తవి అచ్చేసి పంపేలోపు ఊపు చల్లారింది; చార్టులో 32 దగ్గర ఆగింది. యూరప్‌లో బ్లాక్ సబ్బాత్‌తో కలిసి టూర్ చేశారు, ఫలితం లేదు. 1984 మొదట్లోనే ఎంసీఏ వదిలేసింది. ‘ఫ్లైట్ ఈస్ట్’ అని నాలుగో ఆల్బమ్ మొదలుపెట్టి వదిలేశారు. 1985కి బ్యాండ్ లేదు.

ఆ సూది ఎగరకపోయుంటే? ఓ పది స్థానాలు పైకి వెళ్ళేదేమో. అంతకుమించి ఏం మారేది? డెఫ్ లెపర్డ్ ఆ ఏడాదే ‘పైరోమేనియా’తో అమెరికాని ఊపేసింది. డైమండ్ హెడ్ అట్లాంటిక్ దాటనే లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ చాలామందికి సరిగ్గా తెలియదు కనుక విడమరిచి చెబుతాను. ఒక పాటని వేరే బ్యాండ్ కవర్ చేస్తే డబ్బు వెళ్ళేది ఆ పాట రాసినవాళ్ళకి, వాళ్ళ పబ్లిషర్‌కి. మొదట వాయించినవాళ్ళకి కాదు, మొదటి రికార్డ్ తీసిన లేబుల్‌కీ కాదు. అమ్ముడైన ప్రతి కాపీ మీద ఇంత అని లెక్క. సింగిల్‌లో రెండో వైపు ఉన్న పాటకీ మొదటి వైపు పాటతో సమానంగానే వస్తుంది. కొన్నవాడు దాన్ని ఎప్పుడూ వినకపోయినా సరే. ఆ పాటల మీద ఉన్న పేర్లు హారిస్, టాట్లర్. స్కాట్ డ్రమ్స్ మోత లేకుండా ‘ఆమ్ ఐ ఈవిల్?’ మొదలే లేదు, అయినా కవర్ డబ్బులో డ్రమ్స్ వాయించినందుకంటూ వాటా ఉండదు. అన్యాయమా? కావచ్చు. పద్ధతి మాత్రం అదే, ఇప్పటికీ అదే. మీలో బ్యాండ్ నడిపేవాళ్ళుంటే పాట పూర్తయిన రోజే ఎవరి పేర్లు వేయాలో కాగితం మీద రాసుకోండి.

మెటాలికా 1984లో ‘క్రీపింగ్ డెత్’ సింగిల్ వెనక ‘ఆమ్ ఐ ఈవిల్?’ పెట్టింది. 1987లో ‘గరాజ్ డేస్ రీ-రివిజిటెడ్’ ఈపీలో ‘హెల్ప్‌లెస్’. తర్వాత ‘వన్’ సింగిల్ వెనక ‘ది ప్రిన్స్’. 1988లో ఎలెక్ట్రా కంపెనీ ‘కిల్ ’ఎమ్ ఆల్’ని మళ్ళీ విడుదల చేసినప్పుడు ‘ఆమ్ ఐ ఈవిల్?’ని దానికి తగిలించింది. 1998లో ‘గరాజ్ ఇంక్.’ కోసం ‘ఇట్స్ ఎలక్ట్రిక్’ కొత్తగా చేశారు, పాత మూడూ రెండో డిస్క్‌లో చేర్చారు. అంటే వారం రోజుల్లో చేసిన ఏడు పాటల డెమోలో నాలుగు పాటలు లక్షల్లో అమ్ముడయ్యే రికార్డ్‌లోకి ఎక్కాయి. తన బతుకు చాలా ఏళ్ళు దీని మీదే సాగిందని టాట్లర్ ఏ మొహమాటం లేకుండా చెబుతాడు. మనవైపు కూడా ఈ పేరు చేరింది ఆ దారిలోనే. 2011 అక్టోబర్‌లో మెటాలికా బెంగళూరు వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి కార్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఒరిజినల్ విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు?

1990ల మొదట్లో హారిస్, టాట్లర్ మళ్ళీ కలిశారు. డ్రమ్స్‌కి కార్ల్ విల్‌కాక్స్ వచ్చాడు. 1993లో ‘డెత్ అండ్ ప్రోగ్రెస్’. అందులో బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ ఒక పాటలో, మెగాడెత్ డేవ్ మస్టేన్ ఇంకో పాటలో చెయ్యి వేశారు. 1993 జూన్ 5న మిల్టన్ కీన్స్ బౌల్‌లో మెటాలికా, మెగాడెత్ ఉన్న షోకి వీళ్ళు ఓపెనింగ్. తమ పాటలు విని పెరిగినవాళ్ళ సభలో తొలి వరస చోటు! అలాంటి రోజున హారిస్ యమదూత వేషంలో, నల్ల ముసుగుతో వచ్చాడు. ‘న్యూ వేవ్’ అన్న ఆ పాత కెరటం చచ్చిపోయిందని చెప్పడం అతని ఉద్దేశం. మెటాలికా కోసం వచ్చిన కుర్రాళ్ళకి ఆ వెటకారం ఎక్కడ అర్థమవుతుంది? 1980ల తప్పులన్నిటికీ నేను వాదన వెతకగలను, దీనికి మాత్రం లేదు. 1994కి మళ్ళీ విడిపోయారు.

2000 తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఓ మామూలు పాత బ్యాండ్ కథే. మళ్ళీ కలిశారు, కొన్నాళ్ళకి హారిస్ వెళ్ళిపోయాడు. 2004లో నిక్ టార్ట్ వచ్చి రెండు ఆల్బమ్‌లు పాడాడు. 2011 జూలైలో సోనిస్ఫియర్ ఫెస్టివల్‌లో మెటాలికా, మెగాడెత్, స్లేయర్, ఆంత్రాక్స్ అందరూ కలిసి వాయిస్తుంటే వాళ్ళ మధ్యకి టాట్లర్ వెళ్ళాడు. అదే డిసెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో ఫిల్మోర్‌లో మెటాలికా 30 ఏళ్ళ సభలకి హారిస్ కూడా వచ్చి పాడాడు. ఇద్దరూ ఒకే వేదిక మీద. 2014లో డెన్మార్క్ వాడు రాస్మస్ బోమ్ ఆండర్సన్ గాయకుడిగా చేరాడు. అతనితో చేసిన వాటిలో 2019 నాటి ‘ది కాఫిన్ ట్రెయిన్’ నిజంగా బాగుంటుంది, మొహమాటానికి చెప్పడం లేదు. 2023లో శాక్సన్ గిటారిస్ట్ పాల్ క్విన్ టూర్లకి స్వస్తి చెబితే ఆ స్థానంలోకి వెళ్ళింది టాట్లరే. 1980 ఏప్రిల్‌లో ఎవరు చార్టులో 5వ స్థానంలో ఉన్నారో పైన రాశాను, చూసుకోండి.

వినాలనుకుంటే మొదట వైట్ ఆల్బమ్, తర్వాత 1982 రెడింగ్ ప్రదర్శన, ఆ తర్వాత ‘కాంటర్‌బరీ’. ‘కాంటర్‌బరీ’ని మాత్రం మెటల్ అనుకోకుండా వినండి. ఒక జాగ్రత్త. స్ట్రీమింగ్‌లో ‘లైట్నింగ్ టు ది నేషన్స్’ అని వెతికితే 2020లో మళ్ళీ రికార్డ్ చేసింది కూడా వస్తుంది. అందులో పాడింది ఆండర్సన్, చివర్లో వేరేవాళ్ళ పాటల కవర్లు ఉంటాయి. వాటిలో మెటాలికా ‘నో రిమోర్స్’ ఒకటి, బాకీ తీర్చుకున్నట్టు. సరదాకి వినొచ్చు. మీకు కావాల్సింది అది కాదు. 1980 అని ఏడాది ఉందో లేదో, పాడింది హారిస్ అవునో కాదో చూసుకోండి. బోనస్‌గా సింగిల్స్ చేర్చిన ఎడిషన్లు కూడా ఉన్నాయి కాబట్టి ఏడు కంటే ఎక్కువ పాటలు కనిపించినా కంగారు పడొద్దు.